కొండెక్కినాడంట

సాయంత్రం మా ఆయన మిల్ట్రీ క్యాంపు నుంచి ఫోన్ చేసి, పెద్దది లెక్కల పరీక్ష ఎలా రాసిందని అడిగాడు. చిన్నోడి దగ్గు తగ్గిందా అని అడిగాడు. తర్వాత, "సరే, పైకి పోతా ఉండాం. కొన్నాళ్ళు సిగ్నల్ ఉండదు" అన్నాడు.

నాకు భయం మొదలైన క్షణం అదే. వారం నుంచీ టీవీలో సరిహద్దు గురించి అరుపులు వింటున్నాను, వాటికి ఇంత భయం వేయలేదు. "పోతా" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మనిషి వీధి చివరికి పాల పాకెట్టు కోసం వెళ్ళినా "పోయొస్తా" అనే అంటాడు. సత్యవేడులో వాళ్ళమ్మ చిన్నప్పుడే చెంప మీద ఒకటిచ్చి నేర్పిన మాటట అది. ఈ రోజు అందులో "వస్తా" ఎక్కడో జారిపోయింది. పోయొస్తా అనవయ్యా అని నేను అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు.

పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేస్తున్నాను. దేవుడి అల్మారా దగ్గర్నుంచి చిన్నోడు కేకపెట్టాడు.

"అమ్మా, దీపం ఆరిపోయింది!"

"అట్లనకూడదు నాన్నా" అన్నాను, అలవాటు కొద్దీ.

"మరేమనాలి?"

ఈ ఊళ్ళో పుట్టిన ఏ పిల్లకైనా తల్లి చెప్పే జవాబే నా నోట్లోనూ ఉంది. దీపం కొండెక్కింది అనాలి. అది గొంతు దాటి రాలేదు. వాడు అక్కకు ఫిర్యాదు చేయడానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఇద్దరూ పడుకున్నారు. అపార్టుమెంటు గ్రూపులో ఎవరో, సైరన్ మోగితే లైట్లన్నీ తీసేయాలని, కిటికీలకు ముదురు రంగు గుడ్డలు కట్టుకోవాలని పెట్టారు. అది మన ఊరికి కాదులెమ్మని ఇంకెవరో నవ్వు బొమ్మ పెట్టారు. వంటింటి కిటికీలోంచి అలిపిరి మెట్లదారి దీపాలు కొండమీది దాకా వరసగా కనిపిస్తున్నాయి. అమ్మకు ఫోన్ చేద్దామనుకుని చెయ్యలేదు. నా గొంతు వింటే ఆమె ఏమీ అడగదు. ఆ అడగకపోవడం ఈ రాత్రి నేను తట్టుకోలేను.

ఆ మాట నా గొంతులో ఎందుకు ఇరుక్కుందో రాస్తే కొంచెం తేలికవుతానేమో.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. రోడ్డుకు అటూ ఇటూ మామిడి తోటలే. కాయలు దిగే కాలంలో మా ఊరికి ఒక సొంత వాసన ఉండేది. గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తొక్కలూ టెంకలూ ట్రాక్టర్లలో తెచ్చి రోడ్డు పక్కన కుప్పలు పోసేవాళ్ళు. ఎండకు అవి మాగి, తీపీ పులుపూ కలిసి, కొంచెం కల్లు వాసన వేసేవి. మద్రాసు బస్సుల్లో పోయేవాళ్ళు ముక్కులు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం అది నాయన వచ్చే వాసన.

నాయన మిల్ట్రీలో ఉండేవాడు. ఏడాదికొకసారి, సరిగ్గా కాయల కాలానికి సెలవు పెట్టుకుని వచ్చేవాడు. ఆయన ట్రంకు పెట్టె మూత తీయగానే నేనూ చెల్లెలూ తలలు లోపల దూర్చేవాళ్ళం. బూటు పాలిషు, కలరా ఉండలు, క్యాంటీను సబ్బు, రైలు పొగ. అవ్వ మాత్రం ఆ పచ్చ కంబళి వాసన చూసి, "ఇది మనుషులు కప్పుకునేదేనా, గుర్రాలకు కప్పేదా?" అని దండెం మీద ఎండేసేది.

ఒక ఏడాది వేసవి సెలవులో రెండు పనులు ఉన్నాయి. ఒకటి కాయలు కోయించడం. రెండోది చెల్లెలి పుట్టెంట్రుకలు. దానికి నాలుగేళ్ళు నిండినా జుట్టు తీయలేదు. నాయన సెలవూ, మంచిరోజూ ఎప్పుడూ కలిసిరాలేదు. ఈసారి అందరం నడిచే కొండెక్కుదామని నాయన మాటిచ్చాడు. చెల్లెలు జడలు ఊపుకుంటూ, "నేను గుండు కొట్టించుకుంటాను గదా!" అని దారినపోయే ప్రతివాళ్ళకూ చెప్పుకునేది.

బావి దగ్గర మాకొక నాటు మామిడి చెట్టు ఉండేది. తోటలోని తోతాపురి అంతా ఫ్యాక్టరీకి పోయినా, దాని పండు మాత్రం ఇంటిదే. పీచు ఎక్కువ, రసం మోచేతి దాకా కారేది. చిక్కం కట్టిన వెదురు గడతో నాయన ఆ చెట్టు మీద సగం కోసి ఉంటాడు. బూత్ మామ సైకిలు బెల్లు వినిపించింది.

బూత్ మామ అంటే బస్టాపు దగ్గర పసుపు రంగు టెలిఫోన్ గది నడిపే ఆయన. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదొక్కటే ఫోను. ఆయన గుడియాత్తం వైపు నుంచి వచ్చినవాడు. తెలుగులో మొదలుపెట్టిన మాట అరవంలో ముగించేవాడు.

"ఏమప్పా మిల్ట్రీ, నిన్ను ఉడనే, ఇప్పుడే రమ్మంటా ఉండారు" అన్నాడు, సైకిలు దిగకుండానే.

నాయన చెట్టు మీద నుంచి నెమ్మదిగా దిగాడు. చేతికి అంటిన జీడి సొనను మట్టితో రుద్దుకున్నాడు. మిగతా సగం కొమ్మల వైపు చూసి, "అయి నేనొచ్చినాంక కోస్తా. ఎవురూ ముట్టుకోవద్దండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అవ్వ రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేసి పెట్టింది. కొత్త ఊరగాయను హార్లిక్స్ సీసాలో కుక్కి, మూతికి గుడ్డ కట్టి పెట్టెలో పెట్టింది. నూనె కారి బట్టలకు అంటుతుందని నాయన అంటే, "అంటనీలేరా. ఆ వాసనకన్నా శత్రువు పారిపోతాడు" అంది. బస్సు కదిలేటప్పుడు ఆయన కిటికీలోంచి, "పోయొస్తామ్మా" అన్నాడు. బస్సు మలుపు తిరిగి, దుమ్ము అణిగి, అది పలమనేరు చేరి ఉంటుందని నమ్మకం కుదిరేదాకా అవ్వ ఇంట్లో చీపురు పట్టనివ్వలేదు. మనిషి పోయిన వెంటనే ఊడిస్తే వాడి అడుగులు కూడా పోతాయని ఆమె నమ్మకం.

యుద్ధం అన్నమాట మాకు పెద్దల నోళ్ళలోంచి ముక్కలుగా దొరికింది. మేము పిల్లలం వెంటనే రెండు సైన్యాలుగా విడిపోయాం. మామిడి టెంకలు బాంబులు. అయితే శత్రువుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి పక్కింటి పెద్దమ్మ మేకల్ని శత్రువులుగా ఖాయం చేసుకున్నాం.

"నా మేకలు మీకేం పాపం జేసినాయిరా, పాడు పిలకాయల్లారా!" అని ఆమె కర్ర పట్టుకుని తోట చివరిదాకా తరిమేది. చెల్లెలు పరుగెత్తుతూనే వెనక్కి తిరిగి, "మా నాయన మిల్ట్రీ! మీ మేకలకు మిల్ట్రీ లేదు!" అని అరిచేది.

మద్రాసు నుంచి బెంగళూరు పోయే విమానాలు మా తోటల మీదుగానే పోయేవి. అంతకుముందు ఎవరూ తల ఎత్తి చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు శబ్దం వినిపిస్తే కాయలు కోసే ఆడవాళ్ళు కూడా బయటికి వచ్చేవాళ్ళు. అవ్వ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "మనోళ్ళదేలే. మెల్లింగ పోతా ఉండాది" అని తీర్పు చెప్పేది. అందరూ మళ్ళీ గంపల దగ్గరికి వెళ్ళేవాళ్ళు.

ఆదివారాలు నాయన బూత్‌కు ఫోన్ చేసేవాడు. మేము తలలు దువ్వుకుని, పౌడరు రాసుకుని, ఆయన చూస్తాడన్నట్టు తయారై వెళ్ళేవాళ్ళం. ఆ గాజు తలుపుల గదిలో నలుగురం ఇరుక్కుంటే, రిసీవరు అందరి చెమటతోనూ తడిసిపోయేది. ఒక ఆదివారం ఫోన్ రాలేదు. ఆ తర్వాతి వారం మధ్యలో, మేము తోటలో ఉన్నప్పుడు బూత్ మామ వచ్చాడు. సైకిలు లేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేదు. పరుగెత్తుకుంటూ వచ్చాడు.

చెట్ల కింద అమ్మా, పెద్దమ్మా, మరికొందరు ఆడవాళ్ళూ కాయలు వేరు చేస్తున్నారు. బూత్ మామ ఆయాసపడుతూ అమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా... మీ ఇంటాయన కొండెక్కినాడంటమా."

చేతులన్నీ ఆగిపోయాయి. మా వైపు దీపాన్ని ఆరిపోయింది అనరు, అపశకునం. కొండెక్కింది అంటారు. మనిషిని పట్టుకుని ఆ మాట అంటే అర్థం ఒకటే. పెద్దమ్మ గంప జారవిడిచి, "అయ్యో నా మరిదే, నా బంగారమే!" అని గుండెలు బాదుకుంది.

నాకు మాత్రం ఆ మాటకు వేరే అర్థం తెలుసు. మా ఇంట్లో కొండెక్కడం అంటే అలిపిరిలో టెంకాయ కొట్టి మెట్లెక్కడం. నాయన మమ్మల్ని వదిలేసి ఒక్కడే కొండకు పోయాడు! మరి చెల్లెలి పుట్టెంట్రుకలు? మోసం జరిగిందని నేను గొంతెత్తి ఏడ్చాను. నన్ను చూసి చెల్లెలు ఏడ్చింది. పసిబిడ్డకు కూడా తెలిసిపోయిందని ఆడవాళ్ళందరూ ఇంకా పెద్దగా ఏడ్చారు.

అమ్మ ఏడవలేదు. చేతిలో కాయ అట్లాగే ఉంది. తొడిమ నుంచి జీడి కారి మణికట్టు మీదికి పాకుతోంది.

"మామా, ఫోన్లో ఆయప్ప ఎట్ల చెప్పినాడో అట్లనే చెప్పు. ఒక్క మాట తప్పొద్దు" అంది.

"ఆయనతో ఉండే వేలూరు ఆయన ఫోన్ చేసినాడుమా. 'మలై ఏరిట్టార్' అన్నాడు. మలై అంటే కొండ గదా."

"అంటే?"

"అదేమా నాకూ తెలీదు! అరవంలో కూడా దీపం కొండే ఎక్కతాది. అడుగుదామనేలోపల లైను గొర్రుమనింది, కట్టయిపాయె." ఆయన తలుపు గుమ్మానికి ఆనుకున్నట్టు చెట్టుకు ఆనుకుని, చొక్కా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పటికి అవ్వ వచ్చింది. ఏడుపులు విని బావి దగ్గర్నుంచి, తడి చేతులతోనే. విషయం విన్నది. ఎవరి ముఖమూ చూడకుండా బూత్ మామను ఒక్కటే అడిగింది.

"ఏ కొండ?"

"అదేమో చెప్పలేదవ్వా."

"నువ్వు అడగలేదు, వాడు చెప్పలేదు. అంతే గదా? మనిషి పోయింటే 'పోయినాడు' అంటారు గానీ ఆడ తుపాకులు పట్టుకోనుండే మగోళ్ళు మన మాదిరి దీపాల మాటలు మాట్లాడతారా? కొండెక్కినాడు అన్న్యాడంటే ఏదో కొండ ఉండాది. ఎక్కినోడు ఎప్పుడో ఒకప్పుడు దిగల్ల గదా. నేను ఎన్ని తూర్లు ఎక్కలేదు, ఎన్ని తూర్లు దిగలేదు!" తర్వాత పెద్దమ్మ వైపు తిరిగింది. "ఏందిమే ఆ రాగం? పొయ్యి నీ మేకల్ని కట్టేసుకో. నా తోటలో పడి ఉండాయి."

పెద్దమ్మ ఏడుపు మధ్యలోనే ఆపి, నిజంగానే మేకల కోసం చూసింది.

ఆ సాయంత్రం అమ్మ ముఖం కడుక్కుని, బొట్టు ఎప్పటికంటే పెద్దది పెట్టుకుంది.

ఆ రోజు నుంచి మా ఇల్లు కొండకు పోయినవాళ్ళ ఇల్లయింది. కొడుకు మెట్లదారిలో ఉన్నట్టే అవ్వ అన్నీ పాటించింది. ఇంట్లో నీచు వండలేదు. ఎవరొచ్చి ఏమడిగినా లేదనలేదు. పొద్దుగూకాక చీపురు ముట్టుకోలేదు. బావి దగ్గరి చెట్టును అమ్మ ఎవరినీ కోయనివ్వలేదు. "ఆయన కోస్తానన్యాడు" అనేది, అంతే. కొమ్మల మీదే పండ్లు మాగి, ఈగలు ముసిరి, ఒక్కొక్కటీ దభీమని రాలేవి. అవ్వ తెల్లారే లేచి రాలిన వాటిని ఏరుకొచ్చి, రసం పిండి, ఈతచాప మీద తాండ్రకు పోసేది. నిన్నటి పొర ఎండితే దాని మీద ఇవాళ్టి పొర. "వాడు దిగేలోపల ఎంత మందమైతాదో చూద్దాం" అనేది. మేము చాప అంచులు గోళ్ళతో గిల్లి తిని, ఎలకల మీదికి నెట్టేవాళ్ళం.

చిక్కంతా దీపం దగ్గరే వచ్చింది. గూట్లో సాయంత్రం పెట్టిన దీపం నూనె అయిపోతే ఆగిపోతుంది కదా. మొదటి రోజే చెల్లెలు ఎప్పటిలా, "అవ్వా, దీపం కొండె..." అనబోయింది. అవ్వ పరుగున వచ్చి దాని నోరు మూసింది.

"ఆ మాట అనగూడదు."

"ఆరిపోయింది అనల్లా?"

"అది అసలే అనగూడదు!"

"మరేమనల్ల?" అంది చెల్లెలు, అవ్వ వేళ్ళ సందులోంచి.

అవ్వకు తెలియలేదు. అమ్మకూ తెలియలేదు. రెండు మాటలే ఉన్న చోట రెండూ పనికిరాకుండా పోయాయి. చెల్లెలు గూటి వైపు, నల్లగా మాడిన వత్తి వైపు కాసేపు చూసింది.

"నిద్రపోయింది" అంది.

అవ్వ చెయ్యి తీసేసింది. అమ్మ ఆ రోజులో మొదటిసారి గట్టిగా ఊపిరి వదలడం విన్నాను. ఆ తర్వాత మా ఇంట్లో దీపం రోజూ నిద్రపోయేది. కరెంటు పోయినప్పుడు పెద్దమ్మ గోడ అవతల్నుంచి, "ఏమత్తా, మీకూ నిద్రపోయిందా?" అని అడిగేది. ఆమెకు తెలిసిన ఓదార్పు అది.

టీవీ ఉన్నది పెద్దమ్మ ఇంట్లోనే. మేకల తగాదాతో అవ్వ ఎప్పుడూ ఆ గడప తొక్కేది కాదు. ఒక రోజు పెద్దమ్మే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మచ్చలు మచ్చలుగా కొండలు కనిపించాయి. తెల్లటి కొండలు. మేము మంచు చూడటం అదే మొదటిసారి. ఉప్పు పోసినట్టుంది అన్నాను. వంగిపోయిన నడుములతో సిపాయిలు వరసగా ఎక్కుతున్నారు.

"అదేంది, చెప్పుల్తోనే ఎక్కతా ఉండారే!" అంది అవ్వ.

"అయి బూట్లత్తా. మంచు గదా ఆడ."

"మంచయితే? కొండ కొండే గదమే." కొంచెంసేపు గొణిగాక ఆమె గొంతు మారిపోయింది. "పోనీలే. వాని కాళ్ళు అసలే మెత్తన."

బొమ్మ మారేలోపు లేచి, టీవీకి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "ఏ కొండని అడిగితిని గదా, ఇదో చూపిస్తివి" అని గొణిగింది. ఇంటికి వస్తూ దారిలో ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. ఇంటికి చేరేదాకా ఆ చెయ్యి తీయలేదు. అంత గట్టిగా మాట్లాడిన మనిషి లోపల ఎంత భయపడిందో ఈ రాత్రి దాకా నాకు అర్థం కాలేదు.

తాండ్ర అరచేతి మందం అయ్యాక, చెట్టు మీద ఒక్క పండు కూడా లేనప్పుడు, మొదటి వానలు పడ్డాక, బూత్ మామ సైకిలు బెల్లు ఆపకుండా కొట్టుకుంటూ వచ్చాడు. ఈసారి రోడ్డు మలుపు నుంచే అరవడం మొదలుపెట్టాడు.

"దిగినాడు! దిగినాడంటమా! ఆయనే మాట్లాడినాడు! నేనే విన్న్యా!"

మేము పౌడరు రాసుకోలేదు. తలలు దువ్వుకోలేదు. వానలో పరుగెత్తాం. రిసీవరు ముందు అమ్మకిచ్చారు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదంతా ఉండగా, ఆమె నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"బావి కాడి చెట్టు కొయ్యలేదు."

అటునుంచి ఏమన్నాడో తెలియదు. అమ్మ గాజు తలుపు వైపు తిరిగి నిలబడిపోయింది. అవ్వ రిసీవరు లాక్కుని, ఆ దేశం దాకా వినపడాలన్నట్టు అరిచింది.

"ఒరే, ఏ కొండో చెప్పి ఎక్కగూడదా ఏందిరా!"

నాయన చలికాలంలో వచ్చాడు. ఊరగాయ వాసన పోయి, ఇంకేదో మందు వాసన వచ్చింది ట్రంకు పెట్టెలో. కుడికాలికి రెండు వేళ్ళు లేవు. మంచుకు పోయాయట. అవ్వ ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆముదం రాసింది. చివరికి, "బూట్లు తొడుక్కునే గదరా ఎక్కినావు" అంది. అప్పుడు ఏడ్చింది. నాయన తాండ్ర నములుతూ నవ్వాడు. చెల్లెలికి ఆ నెలలోనే గుండు కొట్టించాం. మెట్లు ఎక్కేటప్పుడు నాయన అందరికంటే వెనకపడ్డాడు. మేము ప్రతి మలుపులో కూర్చుని ఆయన కోసం ఎదురుచూశాం. అలా ఎదురుచూడటం ఎంత హాయిగా ఉండిందో. ఆయన కనిపిస్తూనే ఉన్నాడు కదా.

ఇప్పుడు ఆ తోట సగం రోడ్డు కిందికి పోయింది. బావి ఉన్నచోట బస్సులు ఆగే హోటలు ఉంది. పసుపు గది రీఛార్జి కొట్టయి, తర్వాత అదీ మూతపడింది. అవ్వ పోయిన రోజు, ఆమె తల దగ్గర పెట్టిన దీపం గాలికి ఆగిపోతే, ముసలివాడైపోయిన బూత్ మామ దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "నిద్రపోయిందిమా" అన్నాడు. నాయన కూడా కొన్నేళ్ళకు మామూలు జబ్బుతో, మామూలు మంచం మీద వెళ్ళిపోయాడు. నా పిల్లలు అంగట్లో కొన్న తాండ్ర తింటారు. పలచగా, ఒకే పొరగా, ప్లాస్టిక్ కాగితంలో ఉంటుంది. దానికి ఏ వాసనా ఉండదు.

ఆ ఇంట్లో భయం కూడా అందరిదీ కలిపి ఒకటే ఉండేది. అవ్వ కొంత, అమ్మ కొంత, పెద్దమ్మ కొంత, బూత్ మామ కొంత మోసేవాళ్ళు. పిల్లలమైన మా వాటాకు టెంకలూ మేకలూ మిగిలేవి. ఈ వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

తెల్లారింది. మిగిలిన నాలుగు మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

పెద్దది బూట్లు వేసుకుంటూ, నన్ను చూడకుండా అడిగింది. "అమ్మా, డాడీ పైకి పోయాడా?" ఎవరి దగ్గర ఏం విందో, ఆ "పైకి" అనే మాటను భయం భయంగా పట్టుకుంది. నా గొంతు నాకే తెలుసు. అందుకని అవ్వ గొంతు అరువు తెచ్చుకున్నాను.

"మీ డాడీ కొండెక్కినాడు" అన్నాను.

"ఏ కొండ?" అంది అది వెంటనే.

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో. "పేరు చెప్పలేదు. మంచుకొండ. దాన్ని బూట్లతోనే ఎక్కతారు."

"గుండు కొట్టించుకుంటాడా?" అన్నాడు చిన్నోడు, నోటినిండా ఇడ్లీతో.

"ఆ కొండ మీద మంగలాయన ఉండడు నాన్నా. ఎక్కినోళ్ళు దిగల్ల. దిగంగానే ఫోన్ చేస్తాడు. అందాకా మనింట్లో ఒక్కటే నియమం. దేవుడి దగ్గర దీపం ఆగిపోతే, నిద్రపోయింది అనాలి."